అక్కతో అరకు రైల్లో

మా అక్కకి పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు మేమెక్కడికెళ్ళినా తనని అమ్మమ్మ దగ్గరే ఉంచేవారు. ‘అదేం చూస్తుంది పాపం!’ అనేవారు. వచ్చాక అన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం నా వంతు.

యాభై దాటాక ఇద్దరమే అరకు బయల్దేరాం. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలు. (పూర్తిగా చూపులేనివారికీ, తోడు వెళ్ళేవారికీ సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉందండీ. ముందే రైల్వేవారి కార్డు తీసుకోవాలి.) బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన లైనిది. సొరంగాలే యాభైకి పైగా! శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే లోయలు చూస్తూ నాకు మాట రాలేదు. అక్కే చెప్పసాగింది. "చప్పుడు మారింది, సొరంగం... ఇది పొడుగుదే... ఇప్పుడు వంతెన మీదున్నాం." ఒక్కటీ తప్పలేదు! చీకట్లో పిల్లలు కేకలు పెడితే తనూ కేకేసింది, ఈ వయసులో!

బొర్రా గుహల్లో గైడు శివుడు, ఏనుగు అంటూ రాళ్ళు చూపిస్తుంటే, అక్క పైనుంచి కారే చుక్కల కింద అరచెయ్యి పట్టి నిలబడింది. ఆ నీళ్ళలోని సున్నమే పేరుకుని ఇన్ని ఆకారాలయ్యాయట. మెట్లు మాత్రం బోలెడు, మోకాళ్ళ నెప్పులున్నవాళ్ళు చూసుకోండి. అక్క కమ్మీ పట్టుకుని నాకంటే ముందే పైకొచ్చేసింది.