వారసులు లేని పాటలు

షుగాబేబ్స్ అనే గర్ల్ గ్రూప్ 1998లో లండన్‌లో మొదలైంది. అప్పుడున్న ముగ్గురమ్మాయిలు షివాన్ డొనాహీ, ముత్యా బ్యూనా, కీషా బ్యూకానన్. 2001లో షివాన్ తప్పుకుంది, హైడీ రేంజ్ వచ్చింది. 2005 చివర ముత్యా వెళ్ళిపోయింది, అమెల్ బెర్రాబా చేరింది. 2009 సెప్టెంబరులో కీషా స్థానంలోకి జేడ్ యూవెన్ వచ్చింది. దాంతో మొదలుపెట్టినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, పేరు మాత్రం మారలేదు. ఆరుగురు మనుషులు, నాలుగు కూర్పులు, ఒకటే పేరు. ఈ గ్రూపు మాట వచ్చిన ప్రతిసారీ అసలైన షుగాబేబ్స్ ఎవరన్న వాదం కూడా వెంటే వస్తుంది. ఆ వాదంలో అందరూ సాక్ష్యానికి పిలిచేది పేరున్న పాటలనే. నాకు మాత్రం ఆల్బమ్‌ల వెనక వరసల్లో ఉండిపోయిన పాటలే మంచి సాక్షులనిపిస్తుంది.

హిట్ పాట పదవిలాంటిది. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆ బాధ్యత నెత్తికెత్తుకోవాలి. ‘ఓవర్‌లోడ్’ రికార్డయిన నాటికి హైడీ ఈ గ్రూపులో లేదు. ‘ఫ్రీక్ లైక్ మి’ నాటికి అమెల్ లేదు, ‘పుష్ ద బటన్’ నాటికి జేడ్ లేదు. అయినా వేదిక ఎక్కినవాళ్ళు అలాంటి పాటలు పాడకుండా దిగడం కుదరదు, టికెట్టు కొన్నవాళ్ళు వచ్చేది వాటి కోసమే కదా. చేతులు మారేకొద్దీ హిట్ పాట మనుషులది కాకుండా పోయి, పేరుకు ఆస్తిగా మిగులుతుంది. ఆల్బమ్‌లో పదో పాటకో పన్నెండో పాటకో ఈ గతి పట్టదు. దాన్ని పాడమని అడిగేవాళ్ళు లేరు కనుక కొత్తవాళ్ళు నేర్చుకోవలసిన పని లేదు. మొదట పాడిన ముగ్గురి గొంతుల్లోనే అది ఉండిపోతుంది. జనాదరణ పాటను పాడినవాళ్ళ నుంచి విడదీస్తే, ఉపేక్ష దాన్ని వాళ్ళ దగ్గరే ఉంచింది. పాటకు జరిగిన నష్టమే దానికి రక్షగా నిలిచింది.

2000లో ‘వన్ టచ్’ ఆల్బమ్ వచ్చేటప్పటికి ఆ ముగ్గురివీ పదిహేను, పదహారేళ్ళ వయసులు. పాటల రచనలో వాళ్ళకూ భాగముంది. ‘ఓవర్‌లోడ్’ బ్రిటన్ చార్టులో 6వ స్థానానికి చేరింది. దాని బేస్ గిటార్ నడకా, మధ్యలో వచ్చే గిటార్ సోలో ఆ తరం వారికి ఇప్పటికీ గుర్తే. నేను పదేపదే వెళ్ళేది మాత్రం అదే ఆల్బమ్‌లోని ‘లుక్ ఎట్ మి’ దగ్గరికి. నెమ్మదైన పాట. షివాన్ గొంతు పల్చగా, గాలి కలిసినట్టుగా ఉంటుంది. ముత్యా గొంతు కింది స్థాయిలో, కాస్త బొంగురుగా, వయసుకు మించిన బరువుతో పలుకుతుంది. కీషాకు సంగతులు వేయడం సహజంగా వచ్చినా వాటిని చాలా పొదుపుగా వాడుకుంటుంది. ఆ వయసు గాయనులకు సంగీత వ్యాపారం సాధారణంగా రెండు పనులు అప్పజెబుతుంది: ఉత్సాహంగా కనిపించడం, లేదా పెద్దవాళ్ళలా కనిపించడం. ఈ పాట రెండూ చేయదు. మెప్పించాలన్న తొందర లేని పదిహేనేళ్ళ గొంతు అరుదైన సంగతి. ఆ అరుదైనది ఆ ఏడాదికే, ఆ ముగ్గురికే చెందుతుంది. తర్వాత ఎవరు పాడినా, ఆ ముగ్గురే మళ్ళీ పాడినా, అది పెద్దవాళ్ళు పాడిన పాటే అవుతుంది.

హైడీ రాకలో ఒక విచిత్రం ఉంది. ఆమె అంతకుముందు అటామిక్ కిటెన్ అనే మరో గర్ల్ గ్రూప్ తొలి కూర్పులో ఉండి, దాని మొదటి పాట విడుదల కాకముందే బయటికి వచ్చింది. అక్కడ ఆమె ఖాళీ చేసిన చోట మరొకరు నిలబడ్డారు, ఇక్కడ మరొకరు ఖాళీ చేసిన చోట ఆమె నిలబడింది. ఈ రెండో కూర్పుకు 2002లో తొలి నంబర్ వన్ తెచ్చిన ‘ఫ్రీక్ లైక్ మి’ కూడా అలాంటిదే. అడీనా హోవార్డ్ పాటను గ్యారీ న్యూమన్ సింథసైజర్ బాణీ మీద కూర్చి రిచర్డ్ ఎక్స్ తయారుచేసిన పాట అది. మాటలు ఒక చోటివి, బాణీ ఇంకో చోటిది, గొంతుల్లో ఒకటి కొత్తది. అతుకుల మీద నిలబడ్డ ఆ పాటే గ్రూపును నిలబెట్టింది. దాని పక్కన, ఆ పాట ఉన్న ఆల్బమ్‌లోనే, ‘మోర్ దేన్ ఎ మిలియన్ మైల్స్’ అనే పాట చడీ చప్పుడూ లేకుండా ఉంటుంది. హైడీ స్వచ్ఛమైన గొంతు మిగిలిన ఇద్దరి మధ్య ఎలా ఇమిడిందో తెలుసుకోవాలంటే నంబర్ వన్ పాట కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. హిట్ పాటలో ఆమె కొత్త మనిషి. ఇందులో ముగ్గురిలో ఒకరు.

2003 నాటి ‘త్రీ’ ఆల్బమ్ చివర్లో ‘మాయా’ అనే పాట ఉంది. చనిపోయిన సోదరిని తలుచుకుంటూ ముత్యా చేసిన పాట, సోదరి పేరే పాట పేరు. ఆ ఆల్బమ్‌లోనే డయాన్ వారెన్ రాసిన ‘టూ లాస్ట్ ఇన్ యూ’ ఉంది. ‘లవ్ యాక్చువల్లీ’ సినిమాలో వినిపించి చాలా దేశాలు తిరిగిందది. బాధను ఎవరైనా తొడుక్కోగల కొలతల్లో కుట్టడం డయాన్ వారెన్ నేర్పు. ‘మాయా’లోని బాధకు అలాంటి కొలతలు లేవు, ఒక మనిషికే సరిపోతుంది. స్వరాల పరంగా దాన్ని హైడీ పాడగలదు, అమెల్ పాడగలదు. అయినా ముత్యా వెళ్ళిపోయాక ఆ పాటకు గ్రూపులో చోటెక్కడిది? గ్రూపు పేరుతో అచ్చయిన పాట, గ్రూపుకు ఏనాడూ చెందని పాట. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం నాకు అబ్బురంగా ఉంటుంది.

2005లో వచ్చిన ‘టాలర్ ఇన్ మోర్ వేస్’ దగ్గర ఈ వ్యవహారం మరీ దగ్గరగా కనిపిస్తుంది. ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. విడుదలైన కొన్ని వారాలకే, డిసెంబరులో, ముత్యా వెళ్ళిపోయింది. 2006లో అదే ఆల్బమ్‌ను మళ్ళీ విడుదల చేశారు. ఈసారి ‘రెడ్ డ్రెస్’, ‘ఫాలో మి హోమ్’, ‘గాటా బీ యూ’ పాటల్లో ముత్యా భాగాలను అమెల్ పాడింది. ‘నౌ యూ ఆర్ గాన్’ అనే కొత్త పాట చేరింది. ఆ మూడింటిలో రెండు తర్వాత సింగిల్స్‌గా బయటికొచ్చాయి. ‘ఏస్ రిజెక్ట్’, ‘బ్రూజ్డ్’, ‘జాయ్ డివిజన్’, ‘టూ హార్ట్స్’ లాంటివాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఒకే డిస్కులో ఒక పాటలో అమెల్, ఇంకో పాటలో ముత్యా. అమ్ముడుపోవలసిన చోట గొంతు మారింది, అవసరం లేదనుకున్న చోట మారలేదు.

మన సినిమా పాటల్లో ముందు ఒకరు ట్రాక్ పాడటం, తర్వాత దాని మీద పేరున్న గాయని పాడటం మామూలే. అక్కడ మొదటి గొంతు శ్రోత దాకా రాదు. ఇక్కడ రెండు గొంతులూ వచ్చాయి. ‘ఫాలో మి హోమ్’ రెండు రూపాలనూ వెంటవెంటనే వింటే ముత్యా పాడిన చోట పాట కిందికి దిగి నిలుస్తుంది, అమెల్ పాడిన చోట గొంతులోని గరుకుదనం దాన్ని కొంచెం ముందుకు నెడుతుంది. రెండోది చెడ్డదని నేను అనను. అమెల్ ఆ పని శ్రద్ధగా చేసింది. కాకపోతే అందులో ఆమె వేరొకరి నీడ కొలతల్లో నిలబడి పాడుతోంది. పక్కనే ఉన్న ‘ఏస్ రిజెక్ట్’లో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తుంటే ముత్యా గొంతు తన చోట తాను ఉంటుంది. ఎవరూ లెక్కచేయని పాట కావడమే దాన్ని కాపాడింది.

అమెల్‌ను అమెల్‌గా వినాలంటే ఎవరి ఖాళీనీ పూరించని పాటల దగ్గరికి వెళ్ళాలి. అదే డిస్కులోని ‘నౌ యూ ఆర్ గాన్’ ఆమె పాత పోలికలు లేకుండా పాడిన పాట. 2007 నాటి ‘ఛేంజ్’ ఆల్బమ్‌లో ‘అబౌట్ యూ నౌ’ నంబర్ వన్ అయి అన్నిటినీ కప్పేసింది. ఆ నీడలో ‘బ్యాక్ వెన్’ ఉండిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన ‘క్యాట్‌ఫైట్స్ అండ్ స్పాట్‌లైట్స్’లో 1960ల నాటి సోల్ సంగీతపు ఛాయలున్నాయి. ‘సండే రెయిన్’లో ఆ గరుకు గొంతుకు తగిన నేల దొరికింది. అదే ఆల్బమ్‌లోని ‘కెన్ వి కాల్ ఎ ట్రూస్’లో కీషా, హైడీ, అమెల్ ముగ్గురూ సంధి కోరే పాట పాడతారు. ఏడాది తిరిగేసరికి ఆ ముగ్గురూ కలిసి లేరు. పాటకు రాబోయేది తెలుసని అనుకోవడం మన ఊహే. తెలియకపోవడమే దాని అందం.

ఇంతవరకు చెప్పిన సూత్రం నాలుగో కూర్పు దగ్గర తలకిందులవుతుంది. 2010లో వచ్చిన ‘స్వీట్ సెవెన్’ను మొదట కీషాతో రికార్డు చేశారు. ఆమె స్థానంలో జేడ్ వచ్చాక ఆ భాగాలు జేడ్ పాడింది. అంటే ఎవరూ వినని పాటల్లో కూడా మొదటి గొంతు మిగల్లేదు. ‘గెట్ సెక్సీ’ సింగిల్ ముందే విడుదలై 2వ స్థానానికి చేరింది కనుక, అందులో కీషా గొంతు జనం దగ్గర ఉండిపోయింది. ఇక్కడ కాపాడింది జనాదరణ. జేడ్ తక్కువ గాయని కాదు. 2009లో మాస్కోలో జరిగిన యూరోవిజన్ పోటీలో బ్రిటన్ తరఫున పాడి 5వ స్థానం తెచ్చింది. అయినా ఆ ఆల్బమ్‌లో ఆమె కోసమే పుట్టిన పాట ఏదని అడిగితే వేలు పెట్టి చూపించడం కష్టం. డ్యాన్స్ ధ్వనుల మధ్య కాస్త నెమ్మదించిన ‘నో మోర్ యూ’ నాకు ఇష్టం. మరొకరి కోసం కోసిన గుడ్డలోనూ తన ఒడ్డూ పొడుగూ కనిపించేలా చేసుకుందామె.

ఈలోగా మొదటి ముగ్గురూ 2012లో మళ్ళీ కలిశారు. మనుషులున్నారు, పేరు లేదు. ముత్యా కీషా షివాన్ అని తమ పేర్లే పెట్టుకున్నారు. 2013లో దేవ్ హైన్స్‌తో చేసిన ‘ఫ్లాట్‌లైన్’ ఎంతో మెప్పు పొంది కూడా చార్టులో 50వ స్థానం దాటలేదు. అప్పటి పాటలు ఆల్బమ్‌గా రాకుండా ఆగిపోయి, గ్రూపు పేరు 2019లో తిరిగి చేతికి వచ్చాక, 2022 డిసెంబరులో ‘ద లాస్ట్ టేప్స్’గా వెలువడ్డాయి. అందులోని ‘సమ్మర్ ఆఫ్ నైంటీ నైన్’ నాకు ప్రాణం. షుగాబేబ్స్ అన్న పేరు లేకుండా పుట్టి, ఆ పేరుతో అచ్చయిన పాట. వరస తిరగబడింది: మొదట గొంతులు, తర్వాత పేరు.

అదే ఏడాది గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ఈ ముగ్గురూ పాడుతుంటే జనం తాకిడికి ఆ ప్రాంగణంలోకి దారి మూసేయాల్సి వచ్చింది. వాళ్ళు పాడినవాటిలో ‘అబౌట్ యూ నౌ’ కూడా ఉంది. ఆ పాట రికార్డయిన నాటికి షివాన్ వెళ్ళిపోయి ఆరేళ్ళు, ముత్యా వెళ్ళిపోయి దాదాపు రెండేళ్ళు. స్థాపకుల్లో ఇద్దరు తమ గ్రూపు పాటకే కొత్తవాళ్ళయ్యారు. ఒకప్పుడు హైడీ, అమెల్, జేడ్ పాత పాటలు నేర్చుకున్నట్టే వాళ్ళిద్దరూ దాన్ని నేర్చుకుని పాడారు. వారసత్వం పై నుంచి కిందికే పారాలని లేదన్నమాట. దాన్ని అన్యాయమనీ అనలేను, న్యాయమనీ అనలేను. పదవి ఖాళీగా ఉండదు, అంతే.

ఏ పాటా మరుగున పడి ఉండాలని పుట్టదు. ‘లుక్ ఎట్ మి’ పాడినవాళ్ళు కూడా దాన్ని లోకమంతా వినాలనే కోరుకుని ఉంటారు. వాటి అనామకత్వాన్ని నేను మెచ్చుకోవడం ఆ కోరికకు ఎదురు నిలవడమే. అదీకాక, ఈ పాటలు నాకు దొరికిందే హిట్ పాటల దారిన. ‘ఫ్రీక్ లైక్ మి’ లేకపోతే గ్రూపు నిలిచేదా, ‘మాయా’ రికార్డయ్యేదా, దాన్ని వెతుక్కుంటూ నేను వెళ్ళేవాణ్ణా? పాడినవాళ్ళను మరిపించే పేరే, వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళే చిరునామా కూడా అయింది. హిట్ పాట తనను తాను అందరికీ పంచిపెట్టుకుంటే, మిగిలినవి తమ మనుషులను అంటిపెట్టుకున్నాయి. రెండు గుణాలూ ఒకే పాటలో ఉండాలనుకోవడం అత్యాశ.

అందుకే అసలైనవాళ్ళు ఎవరన్న వాదంలో నేను పక్షం పట్టను. పేరు ఎవరిదో తేల్చడం చట్టం పని, అది ఎలాగూ తేల్చింది. ఒక పాటలో ఒక గొంతు తీసేస్తే ఇక ఆ పాట లేదనిపించాలి. అలాంటి పాట ఉన్న ప్రతి కూర్పూ నాకు అసలైనదే. ఆ లెక్కన నాలుగింటికీ తలా ఒకటైనా దొరుకుతుంది.