దూలం వయసు, ఇంటి వయసు

ఫిబ్రవరి 9, ఆదివారం, తిరుమల

అమ్మతో కొండకొచ్చాను. ఘాట్ రోడ్డులో రెండు కాలాల రాళ్లు కలిసే జాగా బస్సు కిటికీలోంచి రెండు క్షణాలే కనిపిస్తుంది. కింద గ్రానైట్, దాని మీద పలకలు పేర్చినట్టు క్వార్ట్జైట్ పొరలు. ఆ రెంటి మధ్య గీతలో 50 కోట్ల ఏళ్లు లేకుండా పోయాయంటారు. కడప రాళ్ల మీద 1872లో గ్రంథం రాసిన విలియం కింగ్ చేతిలో రాళ్ల వయసు చెప్పే గడియారం లేదు. కిందిది పాతది, పైది కొత్తది, అదొక్కటే లెక్క. ఆ లెక్కతోనే అంత దూరం చూశాడంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

శిలాతోరణం దగ్గర అమ్మ అడిగింది: "ఇంత చదివినావు కదా, ఈ కొండకు వయసెంతో చెప్పు మే."

"ఏ వయసమ్మా? ఇసుకదా, ఇసుక రాయైనప్పటిదా?"

అమ్మ కాసేపు ఊరుకుంది. "పాతింటి దూలాలే కదా మన కొత్తింటికి వేసింది. దూలం వయసు ఇంటి వయసు ఎట్లవుతుంది?"

రెండేళ్లుగా నా పరిశోధనలో నేను చెప్పాలని తంటాలు పడుతున్నది ఇదే.

ఫిబ్రవరి 13, గురువారం

తప్పు నాదే. ల్యాబులో రాయి దంచే క్రషర్‌ను బ్రష్‌తో పూర్తిగా దులపకుండా నా రాయి వేశాను. వయసు కొలిచేది జిర్కాన్ గింజల్లోనే; వేరే రాయిలోని గింజ ఒక్కటి కలిసినా లెక్కంతా తప్పుతుంది. ఆరు కిలోల పొడి పారబోశాను. నగరి కొండల్లోంచి మోసుకొచ్చిన రాయి.

ఫిబ్రవరి 20, గురువారం

మిగిలిన ముక్కలు దంచి, జల్లించి, కడిగి, బరువు గింజలు వేరుచేసి, పొద్దుటి నుంచీ మైక్రోస్కోపు కింద సూదితో ఏరుతున్నాను. ఒకటి దొరికింది. మిల్లీమీటరులో పదోవంతు ఉంటుందేమో. లేత గులాబీ రంగు. అంచులు అరిగి గుండ్రబడ్డాయి, ఏటి నీళ్లలో దొర్లి వచ్చింది.

జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అందుకే ఇప్పుడు లోపలున్న సీసం దాదాపుగా అక్కడే యురేనియం నుంచి పుట్టింది. యురేనియం-238 సగమవడానికి 447 కోట్ల ఏళ్లు, 235కు 70 కోట్లు. ఒకే గింజలో రెండు గడియారాలు! రెండూ ఒకే వయసు చెబితే నమ్ముతాం. చెప్పకపోతే చాలాసార్లు నడుమ ఎప్పుడో సీసం బయటికి పోయిందన్నమాట. తన తప్పు తనే చెప్పే ఇంత నిజాయితీ గల ఖనిజం నాకు ఇంకొకటి తెలియదు.

అయినా ఈ గింజ చెప్పేది తనను కన్న రాయి వయసే. ఇసుక పొర అంతకన్నా పాతది కాదు, అంతవరకే.

ఫిబ్రవరి 24, సోమవారం

పొర ఇంతకన్నా కొత్తది కాదని చెప్పే రెండో హద్దు ఎక్కడ? పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల మధ్యకు కరిగిన రాయి చొరబడి గట్టిపడింది. అందులోని, జిర్కాన్‌లాగే వయసు చెప్పే బాడెలియైట్ గింజల వయసు 188.5 కోట్ల ఏళ్లని 2008లో ప్రచురించారు. తేడా అటూ ఇటూ 31 లక్షలే. గోడ ఉంటేనే కదా మేకు దిగేది. ఆ పొరలు అంతకు ముందువే.

నా పొరకు అలాంటి మేకు ఇంకా దొరకలేదు. ఎండలు ముదిరే లోపల మళ్లీ నగరి కొండలు తిరగాలి. అమ్మ సద్ది కట్టిస్తానంది.