సగం నకలు

మా నాయనమ్మకు లీటర్లు, కిలోలు చివరిదాకా అలవడలేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఆమె లోకమంతా ఈ లెక్కలోనే నడిచేది. ఆ మాటలను పోగుచేసి పదిలపరచాలని 2016లో నాకు బుద్ధిపుట్టింది. పుస్తకంలో రాస్తే ఒక మాట పక్కన ఇంకొక మాట ఉంటుంది, అంతే. వికీలోనైతే ఒక మాటలోంచి మరొక మాటలోకి దారి ఉంటుంది. అందుకే వికీ.

వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని నెలకొల్పినప్పుడు, హవాయి భాషలో "త్వరగా" అన్న అర్థమిచ్చే మాటను దానికి పేరుగా పెట్టాడు. నా అనుభవంలో త్వరగా జరిగింది స్థాపన ఒక్కటే. క్లౌడులో నెలసరి అద్దెకు ఒక చిన్న సర్వరు తీసుకుని, అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీలను ఎక్కించి, వాటి మీద మీడియావికీని నిలబెట్టడానికి ఒక ఆదివారం సరిపోయింది. వారం తిరగకుండానే బాట్లు ఖాతాలు తెరిచి పేజీల నిండా మందుల ప్రకటనలు నింపాయి. కొత్త ఖాతాలు తెరిచే వీలునే మూసివేశాను.

తరువాత నాయనమ్మ చేత ఒక్కొక్క మాటే పలికించి, ఫోనులో రికార్డు చేసి, ఆ ధ్వనిని పేజీకి జతచేస్తూ వచ్చాను. "కుంచానికి పైన రాశి లేకపోతే ఇచ్చినట్టు కాదురా" అనేది నవ్వుతూ. ప్రతి రాత్రీ డేటాబేసు నకలు మరొక చోటికి చేరేలా ఏర్పాటు చేసి నిశ్చింతగా ఉన్నాను.

2021లో నాయనమ్మ వెళ్ళిపోయింది. మరుసటి ఏడు నా కార్డు గడువు తీరింది, అద్దె చెల్లలేదు. హెచ్చరికలన్నీ నేను తెరవడం మానేసిన పాత మెయిలుకు వెళ్ళాయి. గమనించేసరికి సర్వరు లేదు. తప్పు నాదే.

నకలు ఉందన్న ధైర్యంతో కొత్త సర్వరు మీద అంతా తిరిగి నిలబెట్టాను. పేజీలు వచ్చాయి. ప్రతి దిద్దుబాటు చరిత్రా వచ్చింది. ధ్వనులు మాత్రం రాలేదు. మీడియావికీ పాఠాన్ని డేటాబేసులో ఉంచి, మనం ఎక్కించిన దస్త్రాలను "ఇమేజెస్" అన్న వేరే ఫోల్డరులో దాస్తుంది. ఆరేళ్ళుగా నేను దాచింది సగమే! ప్రతి దస్త్రం పేరు ఉంది, ఎక్కించిన తేదీ ఉంది, పరిమాణం ఉంది, నొక్కితే మౌనం. ఆ ఫోను ఎప్పుడో మార్చేశాను.

మిత్రులారా, విప్పి చూడని నకలు నకలు కాదు. మొదటి నెలలో ఒక్కసారి విప్పి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది. ఇప్పుడు డేటాబేసుతో పాటు ఆ ఫోల్డరునూ, అమరికల దస్త్రాన్నీ దాస్తున్నాను. నెలనెలా మొదటి ఆదివారం ఇంటి కంప్యూటరులో అన్నీ తిరిగి నిలబెట్టి, ఒక్కొక్క పేజీ తెరిచి వింటున్నాను. కార్డు గడువు తేదీ గోడమీది కాలెండరులో రాసి ఉంది.

మొన్న మా నాన్నగారిని కూర్చోబెట్టి "కుంచం" అనిపించాను. నాయనమ్మ పలికినట్టు లేదు. ఆయనా ఆ మాటే అన్నారు. అయినా వేరే పేరుతో ఎక్కించాను. పలకని ఆ పాత దస్త్రం పేరును మాత్రం పేజీలోంచి తీయలేదు.