నిలవ పెట్రోలు

ఆదిలాబాద్ నల్లరేగడి నేలకు వాన తగిలితే చాలు, గడ్డి ఆగదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసిన వానలకు మా సంఘపు సమాధుల తోటలో గరిక, తుంగ, వయ్యారిభామ కలిసిపోయి శిలువలను కూడ కప్పివేస్తాయి. నవంబరు 2న సమాధుల పండుగ. ఆ రోజు పూలు, కొవ్వొత్తులు పట్టుకొని వచ్చే కుటుంబాలకు దారి కనబడాలంటే అక్టోబరు చివరి వారంలోనే గడ్డి కోయాలి. పూర్వం సంఘమంతా కొడవళ్ళు పట్టుకొని రెండు శనివారాలు కోసేవాళ్ళం. ఇప్పుడు భుజానికి తగిలించుకొనే పెట్రోలు మిషను ఉంది. మా వారు సంఘపెద్ద గనుక అది మా ఇంట్లోనే ఉంటుంది.

2024 అక్టోబరులో ఆ మిషను కదలలేదు. తాడు ఎంత గుంజినా ఉలుకు లేదు, పలుకు లేదు. బాగుచేసే షాపులో పని ఎక్కువై రెండు వారాలు ఆగమన్నారు. పండుగకు ఉన్నది వారం రోజులే.

ఆ సంవత్సరం మాకు తొందర మరీ ఎక్కువ. మార్చిలో మా అత్తమ్మ ప్రభువు సన్నిధికి చేరారు. ఆమెకు ఇదే మొదటి సమాధుల పండుగ. మా పెద్దవాణ్ణి పెంచింది ఆమే. అయినా వాడు హైదరాబాదు నుండి బాపమ్మ మట్టికి రాలేదు. జూన్‌లో ఉద్యోగం పోయిందని ఇంటికి వచ్చాడు. అప్పటి నుండి తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. ఒకే పళ్ళెం వరుసలో కూర్చొని తినేవారు, కుటుంబ ప్రార్థనలో ఒకరి పక్కన ఒకరు మోకరించేవారు. "కూర వేయమను" అని తండ్రి అంటే అది నా ద్వారా కొడుక్కి చేరాలి. నేను ప్రభువు పాదాల దగ్గర ఏడ్చిన రాత్రులు ఆయనకే తెలుసు.

మా వారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. పని తెలుసు గాని ఇప్పుడు చేతులు వణుకుతాయి, చిన్న నట్టు పట్టు దొరకదు. అరుగు మీద పాత పేపరు పరచి, మిషను ముందు చాలాసేపు కూర్చున్నారు. చివరికి తల ఎత్తకుండానే, "ముందు ప్లగ్గు వైరు తీసెయ్యి" అన్నారు. ఆ మాట నాతో కాదు. గడపలో నిలబడిన కొడుకుతో.

వాడు వచ్చి కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను.

ట్యాంకులోని పాత పెట్రోలు డబ్బాలోకి వంచారు. వాసనే మారిపోయింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుందని మా వారు చెప్పారు. నెలల తరబడి నిలిస్తే పెట్రోలు బంకలాగ మారి సన్నని రంధ్రాలను మూసేస్తుందట. ఇంజనుకు కావలసిన గాలిని, పెట్రోలును కలిపి పంపేది కార్బురేటరు. తూకంలో ఒక పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్ళ గాలి. ఆ పాళ్ళు తప్పితే ఇంజను అంటుకోదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు పొర ఎండిన తోలులా బిగుసుకుపోయింది. కడిగితే పోయేది కాదని కొత్త కార్బురేటరే తెప్పించారు.

"ఏ పైపు ఎక్కడిదో గుర్తు పెట్టుకో, మారితే స్టార్టు కాదు" అన్నారు మా వారు. వాడు ఒక పైపుకు ఎర్ర దారం కట్టాడు. యాక్సిలరేటరు వైరు తప్పించి, రెండు బోల్టులు విప్పి, పాతది తీశాడు. కొత్త గాస్కెట్ పెట్టి కొత్తది బిగిస్తూ బిగిస్తూ, ఉన్నట్టుండి అన్నాడు.

"జనవరిలనే ఉద్యోగం పోయింది డాడీ. మార్చిల బస్ కిరాయి కూడ లేకుండె."

నా చేతిలో టార్చి కదిలింది. మా వారు చాలాసేపటికి, "అడిగితే పంపకపోదునా బిడ్డా?" అన్నారు.

"బాపమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు, పైసల్లేవని ఎట్ల చెప్పాలె?"

దానికి ఆయన జవాబు చెప్పలేదు. బోల్టు వైపు చూపించి, "రెండు పక్కల సమానంగ బిగించు. ఒక్క దిక్కే బిగిస్తే గాలి గుంజుతది" అన్నారు. కాని ఆ గొంతు ఐదు నెలలుగా నేను వినని గొంతు.

లీటరు పెట్రోలుకు మా మిషనుకు చెప్పిన లెక్కన 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపారు. రబ్బరు బుడ్డను పెట్రోలు కనబడేదాకా నొక్కి, చోక్ వేసి తాడు గుంజితే నాలుగోసారికి అంటుకుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు బ్లేడు తిరగకుండా నిలిచేటట్టు స్క్రూ సరిచేసి లేచారు. శనివారం పెద్దవాడే తోటంతా కోశాడు. బాపమ్మ సమాధి దగ్గర మాత్రం మిషను ఆపి, కొడవలి తీసుకున్నాడు. బ్లేడు రాయికి తగిలితే పెచ్చులు ఎగురుతాయి. వాళ్ళ డాడీ అవతలి పక్క కూర్చొని చేత్తో గరిక పీకారు.

ప్రియ సహోదరీలారా, వాడికి ఉద్యోగం వెంటనే దొరకలేదు. తండ్రీ కొడుకులు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడుకోరు. కాని కూర కావాలంటే ఒకరినొకరు అడుగుతారు. నాకు అది చాలు. కోపాన్ని రాత్రికి నిలవ ఉంచుకోవద్దని పౌలు ఎఫెసీ సంఘానికి హెచ్చరించాడు. మనం కోపాన్నే కాదు, సిగ్గును, చెప్పుకోలేని అవసరాన్ని కూడ నిలవ ఉంచుకుంటాము. మన పిల్లలు మౌనంగా ఉంటే అది పొగరని తీర్పు తీర్చకముందు, వారి జేబులో బస్ కిరాయి ఉన్నదో లేదో కనుక్కుందాము. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని పిల్లవాడు, చేతికి పని ఇచ్చి పక్కన కూర్చుంటే చెప్పవచ్చు.

మీ ఇంట్లో గడ్డి మిషను గాని, మందు కొట్టే పెట్రోలు పంపు గాని, జనరేటరు గాని ఉంటే, నెలకు మించి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేవరకు నడిపించి పెట్టండి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు పెద్దవాడు చూసుకుంటున్నాడు. మా కుటుంబం కొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకొనండి.