బాగానే ఉన్నానండీ

మన యిండ్లలో ఆడపిల్లలకు చిన్ననాటనే యలవడు మాట యొకటి గలదు. జ్వరముతో మంచము పట్టియున్నను, చూడవచ్చినవారు "ఎలా ఉన్నావమ్మా?" అని యడిగిన తోడనే "బాగానే ఉన్నానండీ" అందుము. మర్యాదకు తగిన మాటయే. కాని యీ మాట మా పొరుగింటి యక్కయ్యకు ఎంత చేటు తెచ్చెనో, ఆ చేటులో నా పాలెంతయో సోదరీమణులకు విన్నవింప దలచితిని.

అక్కయ్య నాకు తోబుట్టువు కాదు. పదియేండ్లుగా గోడ కావలి పొరుగు. ఆమె భర్త బియ్యపు కొట్టులో లెక్కలు వ్రాయును. ఆమె రవికలు కుట్టి సంసారమునకు చేదోడుగా నుండెడిది. ఆరేండ్ల క్రిందట ఆమెకు వ్రేళ్ల కణుపులు వాచినవి. పిదప మణికట్లు, మోకాళ్లు పట్టుకొనినవి. వైద్యులు దానిని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనిరి; మనవారు కీళ్లవాతమందురు. దేహమును కాపాడవలసిన శక్తియే దారి తప్పి తన కీళ్లపై దాడి చేయుట యీ రోగమునకు మూలము. ఇది పురుషులకంటె స్త్రీలకే యెక్కువగా వచ్చును. ఉదయము లేచునప్పటికి కీళ్లు కొయ్యబారియుండి, గంటయో రెండు గంటలో గడచినగాని సడలవు. కొన్నాళ్లు తగ్గినట్లుండి మరల విజృంభించును. అందుచేత మధ్యాహ్నవేళ చూచినవారికి ఆమె రోగి యనియే తోచదు.

కుట్టుమిషను మూలబడినది, మందుల వ్యయము పెరిగినది. అంతట నేను దివ్యాంగుల పింఛను మాట యెత్తితిని. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తించియుండగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. కీళ్లవాతము పేరు ఆ పట్టికలో లేదు గాని, దానివలన కాలుసేతుల కదలిక యెంత తగ్గినదో అంత చలన వైకల్యముగా లెక్కింతురు. నూటికి 40 పాళ్లు తేలినచో పింఛను కోరవచ్చును. మన ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో ఆ పింఛను నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగినది.

అక్కయ్య మొదట నొప్పుకొనలేదు. "చేయి చాచమంటావా, చెల్లీ? నలుగురూ ఏమనుకుంటారు?" అనెను. "చట్టమిచ్చునది భిక్ష కాదు" అని చెప్పి నేనే బలవంతము చేసితిని. గ్రామ సచివాలయమునకు పోయి సదరం శిబిరమునకు దినము నిర్ణయించుకొంటిమి.

వైద్యునకు చూపుటకై రోగచరిత్రమును ఒక కాగితముపై వ్రాయు భారము నాపై పడెను. నేను బాల్యమున మా తండ్రిగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నదానను. వ్రాయగలనను గర్వము లేకపోలేదు. "ఈ యిల్లాలు దుస్సహమైన వేదనను చిరునవ్వుతో భరించుచు, గృహకృత్యముల నన్నింటిని యథావిధిగా నిర్వర్తించుకొనుచున్నది" అని వ్రాసి, రెండు మారులు చదువుకొని సంతోషించితిని.

శిబిరమునాడు అక్కయ్య ఇస్త్రీచీర కట్టుకొనెను. బస్సులో ఎవరికిని భారము కాకూడదని తెల్లవారకముందే నొప్పిమాత్ర వేసికొనెను. మా వంతు వచ్చునప్పటికి పదునొకండు గంటలు దాటినది. మా వెనుక ఎందరో వేచియున్నారు. వైద్యుడు పిడికిలి బిగింపుమనగా పండ్లు బిగబట్టి బిగించెను.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనేనండీ."

"తల దువ్వుకోగలవా?"

"అవుతుందండీ."

"ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉన్నానండీ!"

ప్రక్కన నిలిచిన నేనును నోరు మెదపలేదు. పెద్దవారి మాటకు అడ్డుపడుట మర్యాద కాదనుకొంటిని. తేలిన లెక్క నూటికి 30.

ఆ రాత్రి మావారు నేను వ్రాసిన కాగితపు నకలును, బడిపిల్లల వ్యాసమును దిద్దునట్లు, కలము చేతబట్టి చదివిరి. చదివి, "ఇది సన్మానపత్రము, దరఖాస్తు కాదు" అనిరి. నాకు ముఖము చెల్లలేదు. వైద్యుని తప్పుపట్టుటకు వీలేది? మందు పనిచేయుచున్న వేళ, సడలిన కీళ్లను చూపి, బాగున్నామని నోటితోను వ్రాతతోను చెప్పితిమి. ఆయన మేము చూపినదానినే కొలిచెను.

నాకు శాంతిపర్వమునందలి కర్ణుని కథ జ్ఞప్తికి వచ్చినది. గురువు తన తొడపై తలయుంచి నిద్రించుచుండగా, పురుగు తొలిచినను కదలక రక్తమోడ్చెను. చిన్ననాట ఆ సహనమునకే కన్నీరు పెట్టితిని. ఆ సహనమే పరశురాముని శాపమునకు దారితీసినదను సంగతి నాకప్పు డంతగా పట్టలేదు.

వైద్యుల నిర్ణయముపై అప్పీలు చేసికొను హక్కు చట్టమున నున్నది. నియమముల ప్రకారము దానికి గడువు కలదు. ఈ మారు కాగితము నేను వ్రాయలేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న అక్కయ్య కుమార్తె చేతికి నోటుపుస్తక మిచ్చి, ముప్పది దినములు అమ్మను గమనించి, విశేషణములు లేకుండ వ్రాయుమంటిని. ఆ పిల్ల వ్రాసిన వాక్యములు కొన్ని యివి:

"6 గంటలకు మెలకువ. 7.40కి మంచం దిగింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. జడ నేను వేశాను. జాకెట్టు హుక్కులు నేను పెట్టాను. అన్నం నాన్న వార్చారు. ఈరోజు కొంచెం నయం, ఉల్లిపాయలు తరిగింది. రాత్రి రెండుసార్లు ఏడ్చింది, నేను నిద్రపోతున్నాననుకుంది."

అక్కయ్య ఆ పుస్తకమును చదువుకొని చాలసేపు మాటాడలేదు. పిదప, "ఇవన్నీ దీనికి తెలుసా?" అని మాత్రమనెను. ఇంటిలోనివారికి తెలియకుండ బాధను దాచితినని యామె నమ్మకము. దాచినది ఎవరికడనో గాని, ప్రతిదినము హుక్కులు పెట్టిన పిల్లకడ మాత్రము కాదు.

ఆరేండ్ల మందుచీటీలను, ఎక్సరేలను తేదీల వరుసను కూర్చితిమి. రెండవ మారు అక్కయ్య తాను ఏ మాత్రను ఏ వేళకు వేసికొన్నదో ముందుగనే చెప్పెను. వంట ఎవరు చేయుదురని యడుగగా, "నెలలో పది రోజులు నేను, మిగతా రోజులు ఆయన, పిల్ల" అనెను. నడుమ ఒకసారి మాట తడబడగా, ఈ మారు నేను మర్యాదను ప్రక్కనబెట్టి నోటుపుస్తకము నందించితిని. వైద్యులు కీళ్ల నొక్కొక్కటిగా కొలిచి చూచిరి. తేలినది 44. అదియు కొన్నేండ్లకే, గడువు తీరిన పిదప మరల చూపించుకొనవలెను. పింఛను దరఖాస్తు పెట్టితిమి. మంజూరు ఇంకను రావలసియున్నది.

సోదరీమణులారా, రోగమును పెంచి చెప్పుడని నేననుట లేదు. శిబిరముకొరకు మందు మానుట కూడ తగదు. బాధను పెంచి చెప్పుట అబద్ధమైనచో, తగ్గించి చెప్పుటయు నబద్ధమే; మొదటిదానిని పాపమనియు రెండవదానిని సుగుణమనియు మనకు నేర్పిరి. మీ యింట నిట్టి రోగి యున్నచో మంచి దినమును, చెడ్డ దినమును ఉన్నవి యున్నట్లు వ్రాసిపెట్టుడు. ఒంటరిగా పంపక, ఆమె చెడ్డ దినములను కన్నులార చూచినవారొకరు తోడుపొండు. 40 పాళ్లకు తక్కువ వచ్చినచో కారణమేమని యడిగి, ఆ కాగితమును దాచియుంచుకొని, గడువులో అప్పీలు చేసికొనుడు.

మొన్న ఉదయము గోడమీదుగా, "ఎలా ఉన్నావక్కయ్యా?" అని పలుకరించితిని. ఆమె యొక క్షణమాగి, "పొద్దున లేవలేకపోయాను, చెల్లీ. ఇప్పుడు కొంచెం నయం. ఆ బిందె కాస్త లోపల పెట్టి వెళ్లు" అనెను. పదియేండ్లలో ఆమె నన్నొక పని చేయుమని కోరుట అదే మొదలు.