ఖాళీ డిస్కు

మా ఉస్తాద్ గారి తఫ్సీర్ పాఠాలను పన్నెండేళ్లపాటు రికార్డు చేసి మదరసా కంప్యూటరులో భద్రపరిచాను. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరిన మరుసటి వేసవిలో, కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక మధ్యాహ్నం, ఆ కంప్యూటరు ఆగిపోయింది. అదృష్టవశాత్తు లోపలి హార్డ్ డిస్కు చెడిపోలేదు. దానిని విప్పించి, రెండు అరలున్న డాక్‌లో నిలబెట్టి, వేరొక కంప్యూటరుకు తగిలించాను. ఆయన కంఠం వినబడగానే కళ్లు చెమర్చాయి.

ఆ డాక్‌కు క్లోన్ బటన్ ఒకటి ఉంది. కంప్యూటరుతో పనిలేకుండానే ఒక డిస్కును మరొకదానిలోకి యథాతథంగా దింపుతుంది. సరిగ్గా అంతే సామర్థ్యమున్న డిస్కు కొని తెచ్చి, రెండూ అమర్చి, బటన్‌పై వేలు పెట్టాను.

“హజ్రత్, ఆగండి! సోర్స్ అని ఉన్న అరలో ఖాళీ డిస్కు పెట్టారు” అన్నాడు పక్కనున్న విద్యార్థి.

నొక్కి ఉంటే ఆ యంత్రం శూన్యాన్నే ఎంతో విశ్వాసంగా పాఠాలపైకి దింపి ఉండేది. ఏది నిండినదో దానికేమి తెలుసు? చదువు చెప్పే నాకే తెలియలేదు.

ఇప్పుడు ఒక ప్రతి మా ఇంట్లో, మరొకటి బళ్లారిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాయి. డాక్‌లో ఏదీ ఉంచను. కరెంటు దెబ్బ తగిలితే రెండూ ఒకేసారి పోవచ్చు. ఏటా షాబాన్ సెలవుల్లో రెండింటినీ పెట్టి చూస్తాను. క్రితంసారి ఒక పాఠం తెరుచుకోలేదు. బళ్లారి ప్రతినుంచి దింపుకున్నాను.