షవల్ పరీక్ష

మన సంఘంలో నాలుగు కుటుంబాలు ఒకచోట చేరితే పరీక్షల కబుర్లు రాక తప్పదు. డాక్టర్లకు లైసెన్సు పరీక్షలు, ఇంజనీర్లకు సర్టిఫికెట్లు, పిల్లలున్న వారికి నీట్, జేఈఈ. ఇవిగాక మనవాళ్లే రాసే పరీక్ష మరొకటుంది. దాని ఊసు మన విందుల్లో వినపడదు. భారీ యంత్రాలు నడిపేందుకు ఇచ్చే లైసెన్సు పరీక్ష అది.

మేముండే కల్బాలో ఆ యంత్రాలు కనపడని రోజుండదు. ఒక పక్క ఒమాన్ సింధుశాఖ, మరో పక్క హజర్ కొండలు, దక్షిణాన మడచెట్ల ఖోర్, నడుమ ఊరు. షార్జా ఎమిరేటులోదే అయినా షార్జా నగరానికి దూరంగా, ఫుజైరాను ఆనుకొని ఉంటుంది. 2022 జూలై చివర్లో ఫుజైరా ఓడరేవు దగ్గర 250 మిల్లీమీటర్లు దాటి వాన కురిసింది. మా వీధులు కూడా వాగులయ్యాయి. నీరు తీశాక బురదను, కొట్టుకొచ్చిన రాళ్లను ఎత్తిపోసినవి షవళ్లే.

షవల్ అంటే మన పార అనుకునేరు. ముందు పెద్ద బకెట్టు, కింద మనిషెత్తు టైర్లు ఉండే బండి ఇది. ఇంగ్లీషు పుస్తకంలో దీని పేరు వీల్ లోడర్. మన ఊళ్లలో మట్టి తవ్వే యంత్రాన్ని ప్రొక్లెయినర్ అంటాం గదా, అది పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు. జేసీబీ అన్నది 1945లో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బాంఫర్డ్ గారి పొడి అక్షరాలు. పనివాడి నోట ఒక పేరు, పరీక్ష కాగితం మీద మరొక పేరు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

జగిత్యాల జిల్లా వాసి ఒకాయన మా దగ్గరికి వచ్చారు. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాము. వయసు నలభై రెండు. పదకొండేళ్లుగా హెల్పరు. బండికి గ్రీజు పెట్టడం, టైర్లు చూడటం, వెనక్కు వచ్చేటప్పుడు చేయి ఊపడం ఆయన పని. పరీక్ష నెగ్గితే ఆపరేటరు జీతం. ఊళ్లో పెద్దమ్మాయి నర్సింగులో చేరింది.

"సారూ, బోర్డులు మసకగ కనవడ్తున్నయి. దుకాణంల అద్దాలు తీసుకుంటె సరిపోతదా?" అని అడిగారు.

రక్తంలో చక్కెర చూస్తే 310. చక్కెర అంతగా పెరిగితే కంట్లోని కటకంలో నీటి పాళ్లు మారి చూపు మసకబారుతుంది. మందులు మొదలుపెట్టాక చక్కెర తగ్గుతూంటే చూపు మళ్లీ మారుతుంది. కుదుటపడేందుకు కొన్ని వారాలు పడుతుంది. ఈ రోజు కొన్న అద్దాలు వచ్చే నెల పనికిరావు. ఇదంతా చెప్పి, పరీక్ష వాయిదా వేసుకొమ్మన్నాము.

"పరీక్ష పదిహేను దినాలల్ల ఉంది. ఇప్పుడు పోకపోతె నా జాగల ఇంకొకని పేరు రాస్తరు సారూ" అన్నారాయన.

ఆ మాటకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన అన్నది అబద్ధం కాదు. తాత్కాలికంగా అద్దాలు పెట్టుకొని కంటి పరీక్ష దాటే అవకాశమూ లేకపోలేదు. కాని దాటిన మర్నాడు ఆయన కూర్చోబోయేది టన్నుల బరువున్న బండి మీద. దాని వెనక చేయి ఊపుతూ నిలబడేది నిన్నటిదాకా ఆయనలాంటి హెల్పరే. ఆ సంగతి చెబితే తలవంచుకొని, "అది నిజమే" అన్నారు. ఆయన సరేనన్నాక, ఆరు వారాలు గడువిమ్మని కంపెనీకి ఉత్తరం రాశాము. ఒప్పుకున్నారు. కంటి వెనక పొరను కూడా చూపించాము. దెబ్బ తినలేదు. మందు కూడా చూసి ఇవ్వాలి. కొన్ని బిళ్లలతో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది, బండి మీద అది ప్రమాదం. అందుకని మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టాము. ఒంటరిగా వాడితే దానికి ఆ బెడద చాలా తక్కువ.

ఆ ఆరు వారాలూ సెలవు రోజుల్లో మా ఇంట్లోనే చదువు. మాకు దొరికిన పాఠాలు ఇంగ్లీషువి. మేము చదివి తెలుగులో చెప్పడం, ఆయన తన మాటల్లో తిప్పి చెప్పడం. బ్లైండ్ స్పాట్ అంటే "డ్రైవర్‌కు కనవడని జాగా". బకెట్టు నిండా బరువుతో వెళ్లేటప్పుడు దాన్ని నేలకు దగ్గరగా ఉంచాలి. ఆపాక నేలకు దించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి దిగాలి. ఈ బండి నడుం దగ్గర వంగుతుంది కాబట్టి ఆ కీలు పక్కన ఎవరూ నిలబడకూడదు. వీటిలో చాలాభాగం ఆయనకు చేతులతో తెలుసు, మాటల్లో పెట్టడమే కొత్త. మా ఎనిమిదేళ్లవాడు హాల్లో సైగలిచ్చేవాడు, ఆయన కుర్చీలో కూర్చొని లీవర్లు లాగేవారు.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం వాదన జరిగింది. బండి ఒరిగిపోతుంటే దూకాలా, ఉండాలా? "దుంకాలె" అన్నారు. కాదు, బెల్టు పెట్టుకొని లోపలే గట్టిగా పట్టుకోవాలి. దూకినవాడి మీదే బండి పడుతుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్నేండ్లల్ల ఇది ఎవ్వలు చెప్పలే" అన్నారు.

ఆరు వారాలయ్యేసరికి చక్కెర అదుపులోకి వచ్చింది. చిన్న పవరు అద్దాలు సరిపోయాయి. కన్ను, కాగితం రెండూ నెగ్గారు. యార్డు పరీక్షలో మాత్రం వెనక్కు తీసేముందు భుజం మీదుగా చూడలేదని తప్పించారు. రెండోసారికి లైసెన్సు చేతికొచ్చింది.

ఈ చదువు వల్ల మాకు తెలిసింది ఒకటి. నడపడం కన్నా ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు కదలకూడదో తెలుసునా అన్నదే ఈ పరీక్ష అసలు అడిగేది. అది నేర్చుకునేందుకు తెలివి కొరత కాదు, చెప్పేవారి కొరత. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటల్లో క్యాంపుల్లో ఎందరో అర్థంకాని కాగితాలు ముందేసుకొని కూర్చుంటారు. మనలో చదవగలిగిన ప్రతి ఇల్లూ వారానికి ఒక గంట ఇవ్వగలదు. వచ్చేవారికి ముందు టీ ఇవ్వండి, చక్కెర మాత్రం అడిగి వేయండి.